గ్రాఫు చదివిన అవ్వ

(వార్షికోత్సవ మహిళా సభలో చేసిన ప్రసంగ పాఠం)

మమ్మల్ని నాలుగు మాటలు చెప్పమన్నారు. మేము షోలాపూర్ పూర్వభాగంలో ఉండే ఆరుగురు ఆడవాళ్లం. ఉపన్యాసాలు మాకు రావు. ఒక చిన్న స్వెట్టర్ కథ చెప్పి కూర్చుంటాం.

మాలో ఒకరి బిడ్డ స్కాట్లండులో కాపురం ఉంది. రెండేళ్ల మనవడికి చలికోటు అల్లి పంపుదామని మాకు ఆశ పుట్టింది. ఆ బిడ్డే ఉన్ని, ఒక ఇంగ్లీషు నమూనా పంపింది. అది ఫెయిర్ ఐల్ పద్ధతి. షెట్లాండ్ దీవుల్లో ఒక చిన్న దీవి పేరది. చూస్తే పది రంగులున్నట్టు కనిపిస్తుంది గానీ ఒక్కో వరుసలో రెండు రంగులే నడుస్తాయి. ఒకటి ముందు పూవు వేస్తుంటే రెండోది వెనక తేలుతూ పోతుంది. ఇది వినగానే మీలో జకార్డు తెలిసినవాళ్లు తలలు ఊపుతున్నారు. మేము మాత్రం ఊపలేదు. భయపడ్డాం.

నమూనా నిండా పొట్టి పొట్టి అక్షరాలు. ఐదు సైజుల లెక్కలు ఒకే వాక్యంలో కలిపి రాశారు. చంక తగ్గించమని ఒక పేజీలో ఉంటే, అదే సమయంలో మెడ కూడా తగ్గించమని తర్వాతి పేజీలో ఉంది! సూది మీద 176 టాకాలు వెయ్యమన్నారు. పూవు 24 టాకాలది. ఏడు పూలకు 168. మిగిలిన 8 ఎక్కడివి? అచ్చుతప్పు అనుకొని 168తోనే మొదలుపెట్టి, రెండంగుళాలు అల్లి, ముందుభాగం ఎక్కడ తెరుచుకుంటుందో తెలియక మొత్తం విప్పేశాం.

రెండోసారి 176తో మొదలుపెట్టాం. పని చేతులు మారుతూ పోయింది. పొద్దున ఒకరు, బీడీలు ఇచ్చి వచ్చాక ఇంకొకరు. మాలో ముగ్గురం గళ్లను కుడి నుంచి ఎడమకు చదివాం. ముగ్గురం పుస్తకం చదివినట్టు ఎడమ నుంచి కుడికి చదివాం. ఏటవాలు గీతలు విరిగి, పాము మెలికలు తిరిగాయి. ఆరు వరుసలు, అంటే వెయ్యికి పైన టాకాలు, మళ్లీ విప్పాం. పిల్లవాడి తల్లికి ఫోన్ చేసి, దుకాణంలో కొనుక్కో అమ్మా అని చెప్పేద్దామనుకున్నాం.

అప్పుడు మూలన కూర్చున్న మా అవ్వ ఆ కాగితం అడిగింది. అవ్వకు ఇంగ్లీషు రాదు. తెలుగు కూడా కూడబలుక్కొని చదువుతుంది. గళ్లున్న పేజీ మాత్రమే తీసుకుంది. "ఇది గ్రాఫే గద బిడ్డా! దీనికింత పరేషాన్ ఎందుకు?" అంది.

మా తాత చాదర్లకు డిజైన్ గ్రాఫు గీస్తే, దాన్ని చూసి అట్టలకు రంధ్రాలు కొట్టింది అవ్వ. రంధ్రం ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట కిందనే ఉంటుంది. ఒక్క గడి తప్పితే చాదర్ పొడవునా పూవు తప్పుతుంది. ఆ పనికి అవ్వకు కూలీ లేదు. పద్దు పుస్తకంలో పేరూ లేదు. ఇంట్లో పని కింద లెక్క. ఆమెకు గ్రాఫు చదవడం వచ్చని మాకూ అంతవరకు తెలియదు, మేమూ అడగలేదు.

అవ్వ స్కేలు తెప్పించి కింది వరుస మీద పెట్టింది. "కింది నుంచి పైకి పొండి. గుండ్రంగా అల్లుతున్నరు గదా, చెయ్యి ఎటు పోతదో గడి అటే చదవాలె." అంటే ప్రతి వరుసా కుడి నుంచి ఎడమకే. మిగిలిన 8 గురించి అడిగితే, "పువ్వు లెక్కల అంచు పోగులు కలుపుతమా?" అంది. ఆ మాట పట్టుకొని నమూనా మళ్లీ చదివాం. నిజమే. ఒక టాకా ముందు రెండువైపులా పూవు సరిజోడుగా ఆగడానికి. మిగతా ఏడు మధ్యలో కత్తిరించి తెరవడానికి. వాటిని పూవు లెక్కలో కలపరు.

చేతిని చూసి కూడా తిట్టింది. వెనక పోగు బిగించి లాగితే ముందు బట్ట ముడుచుకుంటుంది. మొదటి చెయ్యి అలాగే ముడుచుకుంది. అందుకని పోగు వదులుగా తేలనిచ్చి, ఐదారు టాకాలకొకసారి లోపల పట్టించాం. లేకుంటే పిల్లవాడి వేళ్లు చిక్కుకుంటాయి.

చివరికి కత్తెర. రెండువైపులా మిషను కుట్టు వేశాం గానీ, అల్లినదాన్ని నడిమికి కోయడానికి మాలో ఎవరికీ చెయ్యి రాలేదు. అవ్వే కోసింది. షెట్లాండ్ ఉన్ని ఒకదానికొకటి అతుక్కునే రకం. ఒక్క పోగూ జారలేదు.

కోటు చేరింది, పిల్లవాడు వేసుకున్నాడు. ఆ నమూనా మొత్తం తెలుగులో ఒక నోటుబుక్కులో రాసి పెట్టాం. కావలసినవాళ్లు అడగండి.

మాకు బాధ ఒక్కటే. తాత గీసిన గ్రాఫులు ఏమయ్యాయని అవ్వను అడిగితే, మగ్గాలు తీసేసినప్పుడు రద్దీకి తూకం వేశామంది. వేసింది మేమే. అప్పుడు అవి మాకు పాత కాగితాలు.

మీ ఇళ్లలో ఇంకా అట్టలు, గ్రాఫులు ఉంటే రద్దీకి వెయ్యకండి. ముందు ఫోటోలు తీయండి. పక్కన అమ్మనో అవ్వనో కూర్చోబెట్టి, ఈ గడి ఏం చెబుతుందో అడిగి రాసుకోండి. గీసినవాళ్ల పేరుతో పాటు అట్టలు కొట్టినవాళ్ల పేరు, కండెలు చుట్టినవాళ్ల పేరు కూడా రాయండి. మా అవ్వ ఇక్కడే, మూడో వరుసలో కూర్చుంది. సభ అయ్యాక ఆమెను పలకరించి వెళ్లండి.

సెలవు.