వచ్చి పోయిన పక్షవాతము

బెల్లంపల్లి బొగ్గుబాయిలో అనుభవజ్ఞుడైన కార్మికుడు పైకప్పును కడ్డీతో తట్టి, ధ్వనిని ఆలకించిన పిదపనే దాని క్రింద నిలుచును. ఒకచోట బోలుధ్వని వినవచ్చిన, చుట్టుప్రక్కల కప్పునంతటిని పరీక్షింతురు. దేహము విషయమునను ఈ జాగ్రత్తయే వలయునని మేము మనవి చేయుచున్నాము.

అట్టి కార్మికుడొకడు ఉదయపు షిఫ్టునకు బయలుదేరుచున్నాడనుకొందము. చేతిలోని సద్దిగిన్నె జారిపడినది. మాట ముద్దగా వచ్చినది. మూతి ఒక ప్రక్కకు వంగినది. పావుగంటలో అంతయు సర్దుకొన్నది. నిద్ర చాలలేదని అతడును, దిష్టి తగిలినదని ఇంటివారును తలంతురు. ఆసుపత్రికి పోయిన 'అన్‌ఫిట్' అని వ్రాయుదురేమో నను భయమొకటి. ఆ భయము చిన్నది కాదని మేమెరుగుదుము. కాని మంచము పట్టిన మనిషికి బాయియు లేదు, ఇల్లును లేదు.

మెదడునకు పోవు రక్తనాళమొకటి కొద్దిసేపు మూసికొని తిరిగి తెరచుకొనుటయే దీనికి కారణము. వైద్యులు దీనిని టి.ఐ.ఏ. అందురు. సత్వర చికిత్స లేనిచో 3 నెలలలో నూటికి సుమారు 10 మందికి నిజమైన పక్షవాతము వచ్చును. అందు సగము తొలి 48 గంటలలోనే. కావున తగ్గునేమో యని వేచియుండక, వెంటనే 108ని పిలువవలెను.

ఇట్టి లక్షణములకు మెడలోని కెరోటిడ్ ధమని మూసికొనుట కారణము కావచ్చునని 1951లో కెనడా వైద్యుడు మిల్లర్ ఫిషర్ వివరించెను. 1954లో లండను సెయింట్ మేరీస్ ఆసుపత్రి వైద్యులు, పలుమార్లు ఇట్లు బాధపడిన స్త్రీకి ఆ ధమనిపై శస్త్రచికిత్స చేసిన వృత్తాంతము ప్రకటించిరి.

అయినను మెడతో విచారణ ముగియరాదు. ధమనులలో కొవ్వు పేరుకొను వ్యాధి ఒక కొమ్మకు పట్టిన తెగులు కాదు, చెట్టంతటిది. మెదడునకు స్కానింగు, మెడకు డాప్లరు, గుండెకు ఇ.సి.జి. తీయుదురు. చీలమండ రక్తపుపోటును చేతి రక్తపుపోటుతో భాగించిన 0.9 కంటె తక్కువ వచ్చెనా, కాలి ధమనులును ఇరుకైనవన్నమాట. నడచునపుడు పిక్క పట్టి, నిలిచిన తగ్గుచున్నదా? ఎక్కునపుడు రొమ్ము బరువెక్కుచున్నదా? అడుగకున్నను వైద్యునికి చెప్పుడు.

రక్తపుపోటు, చక్కెర, కొవ్వు అదుపులో నుండవలెను. బీడీ మానవలెను. రక్తము గడ్డకట్టకుండ చేయు మాత్రను, మెదడులో రక్తస్రావము లేదని తేలిన పిదప వైద్యుడే ఈయవలెను, స్వంతముగ మ్రింగరాదు.

కప్పు ఒకమారు చప్పుడు చేసి ఊరకున్నదని గనివాడెవ్వడును నిశ్చింతగ నుండడు. దేహము చేసిన చప్పుడునకును ఆ గౌరవమునే ఈయుడు.