లోపలి బెల్టు
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ముప్పై మూడేళ్లు ఫైళ్ల మీద వంగి కూర్చున్నవాణ్ణి. రిటైరయ్యాక నీళ్ల బకెట్ ఎత్తబోతే నడుము పట్టేసింది. రెండేళ్లు బెల్టు కట్టుకుని తిరిగాను. "లోపల అసలు బెల్టు ఉంది తాతగారూ!" అంది ఫిజియోథెరపీ అమ్మాయి. పొట్టలో అన్నిటికన్నా లోపలి పొరగా, నడుమును అడ్డంగా చుట్టి ఉండే కండరమట అది.

వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవాలి. గాలి మెల్లగా వదులుతూ బొడ్డు కింది భాగాన్ని వెన్ను వైపు కొద్దిగా లాగాలి. ఆ బిగువు అలాగే ఉంచి, పది లెక్కపెట్టేదాకా మామూలుగా ఊపిరి తీసుకోవాలి. నేను మొదట్లో ఊపిరి బిగబట్టేవాణ్ణి. బి.పి. ఉన్నవాళ్లు ఆ పని చేయకూడదని కేకలేసింది.

ఇప్పుడు బెల్టు బీరువాలో ఉంది. బకెట్ నేనే ఎత్తుతున్నాను, ఊపిరి వదులుతూ. మా ఆవిడ మాత్రం ఇంకా సగమే నింపుతోంది.