రౌతు కొద్దీ గుర్రం



"రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళమీద నడుస్తుంది" అని మనవాళ్ళు ఒక సామెత చెబుతారు. దీన్ని విన్నవాళ్ళు చాలామంది ఒకటే అర్థం తీసుకుంటారు. గుర్రం మొండికేస్తే కొరడా తియ్యాలని. అయితే మన పెద్దలే ఇంకో మాట కూడా అన్నారు, "రౌతు కొద్దీ గుర్రం" అని. కదలని గుర్రాన్ని కాలి సైగతో కదిలించడం ఎలాగో ఈ రెండో సామెత దారిలో ఇవాళ మీకు చెప్పాలనుకుంటున్నాను.

బడిపంతులుకు గుర్రాలతో ఏం పని అంటారేమో. మా హోసూరు ప్రాంతానికి గుర్రాలు కొత్త కాదు. ఊరి పక్కనున్న మత్తిగిరి పశుక్షేత్రం 19వ శతాబ్దిలో సైన్యానికి గుర్రాలను సమకూర్చే కేంద్రంగానే మొదలైంది. ఇటు తుమకూరు జిల్లా కుణిగల్‌లో గుర్రాల పెంపకానికి హైదరు, టిప్పుల కాలం నాటి చరిత్ర ఉంది. అటు ఈరోడ్ జిల్లా అంతియూరులో ఆడి నెల జాతరకు గుర్రాల సంత కూడుతుంది. పెళ్ళి ఊరేగింపుల కోసం గుర్రాన్ని పెట్టుకుని బతికే కుటుంబాలు మీ ఊళ్ళోనూ ఉండవచ్చు. పట్నాల చుట్టుపక్కల పిల్లలకు స్వారీ నేర్పే చోట్లు కూడా ఉన్నాయి.

కాలేజీలో చదివే రోజుల్లో నేనూ కొన్నాళ్ళు స్వారీ నేర్చుకున్నాను. నాకు ఇచ్చింది ఒక ఎర్రటి ఆడగుర్రం. అందరూ దాన్ని సోమరిపోతు అనేవారు. నేనూ అలాగే అనుకుని అడుగడుక్కీ మడమలతో పొడిచేవాణ్ణి. పది నిమిషాల్లో నేను చెమటతో తడిసిపోయేవాణ్ణి, అది మాత్రం నింపాదిగా నడిచేది. ఒకరోజు జీను దించి చూస్తే నా మడమలు తగిలే చోట వెంట్రుకలు ఊడి, చర్మం కమిలి ఉంది. మాకు నేర్పే పెద్దాయన పూర్వం సైన్యంలో దఫేదారుగా చేసినవాడు. ఆయన నన్ను కోప్పడలేదు. "నీ కాలు వాగుడుకాయ. రోజంతా వాగేవాడి మాట ఎవరు వింటారు?" అన్నాడు.

గుర్రం చర్మం ఎంత సున్నితమైనదో మీరు చూసే ఉంటారు. ఒంటిమీద ఈగ వాలితే చాలు, సరిగ్గా ఆ చోట చర్మాన్ని అదిలించి ఈగను తోలేస్తుంది. ఈగ బరువు తెలిసే జీవికి మన కాలు తెలియకపోవడం ఉండదు. తెలుస్తుంది, కానీ పట్టించుకోదు. ఎందుకంటే నడిచినా పొడుపే, నిలబడినా పొడుపే అయినప్పుడు ఆ పొడుపుకు అర్థమేముంది? తరగతిలో నేను "నిశ్శబ్దం! నిశ్శబ్దం!" అని నిమిషానికోసారి బల్ల చరుస్తూ ఉంటే, ఆ చప్పుడు పిల్లలకు ఫ్యాను చప్పుడులో కలిసిపోతుంది. ఇదీ అంతే.

ఇక పద్ధతికి వద్దాం. ముందుగా అది నిజంగా సోమరితనమేనా అని చూడండి. వెన్నెముకకు అటూ ఇటూ జీను ఆనే చోట అరచేత్తో నొక్కుతూ పోండి. చెవులు వెనక్కి మడిచినా, నడుము కిందికి జార్చినా అక్కడ నొప్పి ఉన్నట్టే. గిట్టల్లో రాయి ఇరుక్కుందేమో చూడండి. గిట్టలను ఆరు నుంచి ఎనిమిది వారాలకొకసారి చెక్కించాలి. పెద్ద గుర్రం రోజుకు 25 నుంచి 40 లీటర్ల దాకా నీళ్ళు తాగుతుంది. ఎండల్లో పని చేసేదానికి ఇంకా ఎక్కువ కావాలి. నీళ్ళు, మేత చాలని గుర్రాన్ని సోమరి అనడం అన్యాయం. కుంటుతున్నా, దాణా నమలలేకపోతున్నా పశువైద్యుడికి చూపించాకే మిగతా సంగతి.

రెండోది, మీ చేతులు చూసుకోండి. కాలు "పద" అంటుంటే, చెయ్యి కళ్ళేన్ని లాగి "ఆగు" అంటుంది. భయపడే కొత్తవాళ్ళందరూ ఇదే చేస్తారు. మనం సరిహద్దు మనుషులం. ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం, సంతలో కన్నడం మాట్లాడినా తడబడం. ఏ మాటకు ఏ అర్థమో స్థిరంగా ఉంటుంది కాబట్టే అది సాధ్యం. ఒకే నోటితో పొమ్మనీ, ఆగమనీ అంటే మనమైనా ఏం చేస్తాం? గుర్రమూ అంతే, నిలబడిపోతుంది.

మూడోది అసలు పాఠం. తలకు హెల్మెట్, కాళ్ళకు మడమ ఉన్న బూట్లు వేసుకుని, చుట్టూ కంచె ఉన్న చోట మొదలుపెట్టండి. కింద తెలిసినవారొకరు నిలబడి ఉండాలి. గుర్రాన్ని నిలబెట్టండి. పగ్గాలు కాస్త వదులు చేసి, ముందుకు చూస్తూ, రెండు పిక్కలతో డొక్కలను మెత్తగా ఒకసారి ఒత్తండి. మనసులో ఒకటి, రెండు లెక్కపెట్టండి. కదలకపోతే ఇంకొంచెం గట్టిగా ఒత్తండి. అప్పటికీ కదలకపోతే చేతిలోని సన్నని బెత్తంతో మీ పిక్కకు సరిగ్గా వెనక ఒక్క తట్టు తట్టండి. అది దెబ్బ కాదు, గుర్తుచేయడం మాత్రమే.

అది అడుగు వేసిన క్షణంలోనే ఒత్తిడి తీసెయ్యండి. కాలు ఊరికే వేలాడాలి. ఒకవేళ అది చటుక్కున ముందుకు ఉరికినా కంగారుపడి పగ్గం గుంజకండి. అడిగిన పని చేసినందుకు నోరు నొప్పి పుడితే మళ్ళీ కదలదు. నాలుగడుగులు నడవనిచ్చి, మెడ మొదట జూలు దగ్గర గోకి, ఆపండి. మళ్ళీ మొదటినుంచి, అదే మెత్తని ఒత్తిడితో అడగండి. కిందటిసారి గట్టిగా ఒత్తితేనే కదిలిందని ఈసారి గట్టిగానే మొదలుపెట్టకండి. మెత్తని మాటకు జవాబు రాబట్టడమే ఈ పాఠం.

నడుస్తూ నడుస్తూ మందగిస్తే ఒక్కసారి గుర్తుచేసి ఊరుకోండి. అడుగడుక్కీ ఒత్తితే పాత రోగం తిరగబెడుతుంది. నడక, ఆగడం, చిన్న పరుగు, మళ్ళీ నడక, ఇలా మార్చి మార్చి అడగండి. ఒకే వలయంలో గంటసేపు తిప్పితే ఎవరికైనా విసుగే. పది, పదిహేను నిమిషాలు చాలు. బాగా జవాబిచ్చినప్పుడే దిగిపోండి. గుర్రానికి మీరిచ్చే కూలి ఆ విశ్రాంతే.

నేను కమిలిన చోటు మానేదాకా ఆగి, ఇలాగే మొదలుపెట్టాను. మొదటిరోజు బెత్తం నాలుగైదుసార్లు తట్టవలసి వచ్చింది. వారం తిరిగేసరికి పిక్క ఆనీ ఆననట్టు ఆనిస్తే చాలు, ఆ "సోమరిపోతు" చెవులు ముందుకు పెట్టి చకచకా నడిచేది. మారింది గుర్రం కాదు, నా కాలు.

చివరగా ఒక మాట. ఊరేగింపుల్లో కొందరు ముళ్ళున్న కళ్ళెం వాడతారు. జంతుహింస నిరోధక చట్టం 1960లో వచ్చింది. దాని కింద 1965లో చేసిన నిబంధనలు ముళ్ళ కళ్ళేన్నీ, ముల్లుకర్రనూ నిషేధించాయి. మీకు ఎక్కడైనా కనిపిస్తే ఆ యజమానికి నెమ్మదిగా నచ్చజెప్పండి. తిడితే వినడు, ఇందాకటి సూత్రం మనుషులకూ వర్తిస్తుంది.

"రౌతు మెత్తనైతే" అన్న సామెతలో మెత్తదనం అంటే దయ అని నేననుకోను. ఏం అడుగుతున్నాడో తనకే తెలియనివాడు మెత్తని రౌతు. మెత్తగా అడిగి, జవాబు వచ్చేదాకా నిలబడి, వచ్చిన వెంటనే ఊరుకునేవాడి కింద గుర్రం నాలుగు కాళ్ళమీదా నడుస్తుంది. నా బెత్తం ఇప్పుడు తరగతి గదిలో లేదు. దాన్ని వదిలించింది ఆ ఎర్రగుర్రమే.