చలానా కట్టాలా, కోర్టుకు వెళ్లాలా?



సోదర సోదరీమణులారా, మేము జీవితమంతా ప్రభుత్వ కార్యాలయంలో ఫైళ్లు వ్రాసినవారము. కాగితం విలువ ఎరుగుదుము. మా వీధిలోని ఆటో సోదరునికి అతివేగం చలానా వచ్చింది. ఆ రోజు ఆయన ఆటో మరమ్మతు షెడ్డులో ఉన్నది. ఫోటోను పెద్దది చేసి చూశాము. నంబరులో చివరి అంకె 3, ఆయనది 8. ‘కట్టేసి వదిలించుకో భాయ్’ అన్నారు అందరూ. ట్రాఫిక్ అధికారులకు అర్జీ ఇచ్చాము, జవాబు లేదు. షెడ్డు రసీదుతో కోర్టుకు వెళ్లాము. రెండు రోజుల గిరాకీ పోయింది, చలానా కొట్టివేయబడింది.

మోటారు వాహనాల చట్టం 183వ సెక్షను ప్రకారం, యంత్రపు కొలత లేకుండా ఒక్క సాక్షి అంచనాపైనే అతివేగానికి శిక్ష వేయరాదు. 2021 నాటి 167ఏ నిబంధన ప్రకారం ఆ యంత్రానికి ఆమోదపత్రం ఉండాలి, ఏటా నవీకరించాలి. అడిగే హక్కు మనకున్నది.

అయితే వేగం నిజమైతే కట్టవలసిందే. కెమెరాకు మన పేరు తెలియదు. ప్రతి చలానానూ వివక్ష అంటే, నిజంగా వివక్ష జరిగిన నాడు మన మాట ఎవరు వింటారు?

జుమా నమాజు తరువాత మేము ఇక్కడే ఉంటాము. చలానా ఫోటో, బండి ఆర్‌సీ తీసుకొని రండి, అర్జీ వ్రాసిపెడతాము.