నర్సు అడగవలసిన ప్రశ్న



ఆసుపత్రికి వెళ్ళినప్పుడు నర్సు మన పేరు, వయసు రాసుకొని, "పొగతాగే అలవాటు ఉందా?" అని అడుగుతుంది. చూడటానికి చిన్న ప్రశ్నే. కానీ ఒక ప్రాణం నిలవడం కొన్నిసార్లు దీనిమీదే ఆధారపడుతుంది. ఈ రోజు దీన్ని కొంచెం పరిశీలిద్దాం.

ముందుగా, నర్సులే పొగతాగితే? 1976లో అమెరికాలో హార్వర్డ్ పరిశోధకులు 1,21,700 మంది నర్సులతో ఒక దీర్ఘకాల అధ్యయనం ప్రారంభించారు. అప్పట్లో వారిలో దాదాపు 33 శాతం మంది సిగరెట్లు కాల్చేవారు. ఊపిరితిత్తుల గురించి చదువుకున్నవారే ఎందుకు మానలేకపోయారు? నికోటిన్ కొన్ని సెకన్లలోనే మెదడును చేరి, మళ్ళీ మళ్ళీ కావాలనిపిస్తుంది. రాత్రి డ్యూటీలు, పని ఒత్తిడి దానికి తోడవుతాయి. అంటే తెలిసినంత మాత్రాన వ్యసనం వదలదు. రోజుకు నాలుగు సిగరెట్లు దాటనివారికి కూడా గుండెజబ్బు ముప్పు సుమారు రెండింతలని ఈ నర్సుల సమాచారమే 1987లో తేల్చింది. 2003 నాటికి వారిలో పొగతాగేవారు 8.4 శాతానికి తగ్గారు. మానడం కష్టమే కాని అసాధ్యం కాదని దీనివల్ల తెలుస్తోంది. తాను మానిన నర్సు, రోగికి ధైర్యంగా చెప్పగలదు. తానే వాడుతుంటే ఆ మాట ఎత్తడానికే సంకోచిస్తుంది.

ఇక మన దేశానికి వద్దాం. 2016-17 జాతీయ సర్వే ప్రకారం మన స్త్రీలలో పొగతాగేవారు 2 శాతమే. అయితే సమస్య లేనట్టేనా? ఛత్తీస్‌గఢ్‌లో బిలాస్‌పూర్ పక్కనే ఉన్న బోద్రీని తీసుకోండి. అదే సర్వే నాటికి ఆ రాష్ట్రంలో పెద్దలలో 39.1 శాతం మంది పొగాకు వాడేవారు. పొగతాగేవారు మాత్రం 5.5 శాతమే, నమలడం, పళ్ళకు రుద్దుకోవడం వంటి పొగలేని రూపాల్లో వాడేవారు 36 శాతం. రెండూ వాడేవారు ఉన్నందువల్ల మొత్తం కలిపితే లెక్క ఎక్కువవుతుంది. అక్కడ బెల్లం కలిపిన పొగాకు ముద్ద 'గుడాఖూ'తో పళ్ళు తోముకునే స్త్రీలున్నారు. "పొగతాగుతారా?" అంటే "లేదు" అంటారు. అది నిజమే! నర్సు 'అలవాటు లేదు' అని రాసుకుంటుంది. నోటిలోని తెల్లమచ్చ ఎవరి కంటా పడదు.

బిలాస్‌పూర్ రైల్వే పట్టణం. రైలు ఉద్యోగాల కోసం వెళ్ళిన తెలుగు కుటుంబాలు అక్కడ ఉన్నాయి. ఉత్తరాంధ్రలో కొందరు పెద్ద వయసు స్త్రీలకు చుట్ట నిప్పును నోటి లోపల ఉంచుకొని పీల్చే 'అడ్డపొగ' అలవాటుంది. ఆ వేడికి, పొగకు అంగిలి దెబ్బతిని క్యాన్సర్ రావచ్చు. "సిగరెట్ తాగుతావా అమ్మమ్మా?" అని అడిగితే ఆమె నవ్వి ఊరుకుంటుంది. "చుట్ట కాలుస్తావా? నిప్పు లోపల పెట్టుకుంటావా?" అని ఆమె భాషలో అడిగినప్పుడే నిజం బయటపడుతుంది.

కాబట్టి అడగవలసింది ఇది: "పొగాకును ఏ రూపంలోనైనా వాడుతున్నారా? బీడీ, చుట్ట, ఖైనీ, గుట్కా, గుడాఖూ?" అవునంటే నోరు చూడాలి. మానమని స్పష్టంగా, నిందించకుండా చెప్పాలి. మానడానికి ఒక తేదీ పెట్టించాలి. మళ్ళీ రమ్మని పిలవాలి. నర్సుల సలహా వల్ల మానే అవకాశం సుమారు 29 శాతం పెరుగుతుందని 2017లో అనేక అధ్యయనాలను కలిపి చూసిన సమీక్ష తెలిపింది. జాతీయ ఉచిత సహాయ ఫోను 1800-11-2356 కూడా ఉంది.

2003 చట్టం, 2008 అక్టోబరు 2 నుంచి అమలైన నిబంధనలు బహిరంగ ప్రదేశాల్లో పొగను నిషేధించాయి. కానీ పెరట్లో పళ్ళు తోముకునే ముద్ద దగ్గరికి ఏ చట్టమూ వెళ్ళలేదు. ఒక మంచి ప్రశ్న వెళ్ళగలదు.

మీలో కొందరు రేపు నర్సులవుతారు. అంతవరకు ఆగనక్కర్లేదు. ఈ సాయంత్రం ఇంట్లో నాయనమ్మను, తాతయ్యను ప్రేమగా అడిగి చూడండి. నోటిలో మానని పుండు గాని, తెల్లమచ్చ గాని ఉంటే వెంటనే డాక్టరుకు చూపించండి.