ఆపదకు సరైన పేరు
(మైనారిటీ హక్కుల అవగాహన సదస్సులో ఒక విశ్రాంత ప్రభుత్వోద్యోగి చేసిన ప్రసంగ పాఠం)



నేను పండితుణ్ని కాను. రెవెన్యూ కార్యాలయాల్లో గుమాస్తాగా ప్రజల దరఖాస్తులు చదువుతూ జీవితం గడిపినవాణ్ని. ఆపద వేళ మనం వాడే మాటకూ, ఆ తరువాత మనకు దక్కే న్యాయానికీ ఉన్న సంబంధాన్ని ఆ కాగితాలే నాకు నేర్పాయి. ఆ ఒక్క విషయమే నేడు మనవి చేస్తాను.

మన ఇళ్లలో కష్టానికి పేర్లు కొదవ లేవు. పిల్లవాడికి జ్వరం వస్తే ముసీబత్. అప్పులవాడు గుమ్మంలో నిలబడితే ఆఫత్. పెళ్లిలో బిర్యానీ చాలకపోతే ఖయామత్. తెలుగులోనూ అంతే. తెలంగాణలో గత్తర అంటే ఒకనాడు ఊళ్లను ఖాళీ చేసిన కలరా; నేడు చిన్న గందరగోళమూ గత్తరే. ఉప్పెన అంటే సముద్రం ఊరి మీదికి రావడం. 1977 నవంబరు 19న దివిసీమలో వేలాది ప్రాణాలను బలిగొన్నది అదే. నేడు అభిమానం సైతం ఉప్పెనలా పొంగుతోంది. ఇంటి మాటల్లో ఇది తప్పు కాదు. చిక్కంతా కాగితం మీదనే.

ప్రమాదం అనే మాటనే చూడండి. సంస్కృతంలో దాని అర్థం ఏమరుపాటు, అజాగ్రత్త. అంటే ఏమరినవారెవరని అడగవలసిన మాట. నేటి వాడుకలో మాత్రం ఎవరి తప్పూ లేకుండా జరిగిపోయినదే ప్రమాదం. మనవాళ్లనే హాద్సాకు అరబ్బీ మూలంలో అర్థం 'సంభవించినది' అని మాత్రమే. ఎందుకు సంభవించిందో ఆ మాట చెప్పదు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పెద్దావిడ వచ్చింది. రాత్రంతా కురిసిన వానకు మట్టిగోడ కూలి ఆమె కొడుకు చనిపోయాడు. "హాద్సా హో గయా బేటా" అంటూ ఏడ్చింది. ఆమెకు తెలుగు రాయడం రాదు. దరఖాస్తు నేనే రాసిపెట్టాను: 'ప్రమాదవశాత్తు గోడ కూలి మృతి'. వాన మాట రాయలేదు. ఇది ప్రకృతి వైపరీత్యం కాదంటూ పైనుంచి ఫైలు తిరిగి వచ్చింది. పంచనామా ప్రతి తెప్పించి, వర్షం వివరం చేర్చి మళ్లీ పంపేలోగా ఆమె నాలుగుసార్లు కార్యాలయం మెట్లెక్కింది. వచ్చిన ప్రతిసారీ "మా నసీబ్" అనేది. అది నసీబ్ కాదు, ఖాలా, నా కలం చేసిన తప్పు అని ఆనాడు చెప్పలేకపోయాను. నేడు మీ ముందు ఒప్పుకుంటున్నాను.

సరైన పేరు పెట్టిన సందర్భమూ మన చరిత్రలో ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ హైదరాబాదును ముంచెత్తింది. జనం దానిని తుగ్యానీ అన్నారు. హద్దు మీరడం అని ఆ మాటకు అర్థం. హద్దు మీరిన నీటికి హద్దు కట్టాలి. మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ వెలిశాయి. కేవలం విధి రాత అని ఊరుకుని ఉంటే ఆ చెరువులు వచ్చేవా?

2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ఈ విషయంలో మనకంటె స్పష్టంగా ఉంది. ప్రకృతి వల్ల గాని, మనుషుల వల్ల గాని, ప్రమాదం వల్ల గాని, నిర్లక్ష్యం వల్ల గాని, స్థానికులు తట్టుకోలేనంత నష్టం కలిగితే అది విపత్తే. 2020 మార్చిలో కేంద్రం కోవిడ్‌ను విపత్తుగా ప్రకటించింది. విపత్తు అన్న తరువాత బాధితులకు సాయం తప్పదని 2021 జూన్ 30న సుప్రీంకోర్టు తేల్చింది. మృతుల కుటుంబాలకు 50,000 రూపాయలు అలా వచ్చినవే. మరణ ధ్రువపత్రంలో కోవిడ్ అని లేదన్న ఒక్క కారణంతో నిరాకరించరాదని కూడా అదే ఏడాది అక్టోబరులో న్యాయస్థానం చెప్పింది. ఇది ఖైరాత్ కాదు, హఖ్.

కాబట్టి యువకులకు నా విన్నపం. బస్తీలో ఆపద వస్తే దరఖాస్తు రాసిపెట్టే పని మీరు తీసుకోండి. 'ఘోరం', 'మహా దారుణం' వంటి మాటలతో కాగితం నింపకండి. తేదీ, వేళ, వాన ఎంతసేపు కురిసింది, నీరు ఎంత ఎత్తున వచ్చింది, ఏమి పోయింది అన్నవి రాయండి. ఎవరైనా తెరిచి వదిలేసిన నాలా, వేలాడుతున్న కరెంటు తీగ కారణమైతే ప్రమాదమని ఆపేయకండి. ఎవరి నిర్లక్ష్యమో రాయండి. పంచనామా, పోస్టుమార్టం నివేదికల ప్రతులు అడిగి తీసుకోండి. ఇచ్చిన దరఖాస్తుకు రసీదు తీసుకోండి. ఉర్దూలో చెప్పినవారికి, తెలుగులో రాసినది తిరిగి ఉర్దూలో చదివి వినిపించండి. నేను ఆనాడు చేయని పని అదే.

ముసీబత్‌లో సబర్ చేయమని పెద్దలు చెప్పారు. సబర్ మనసుకు. దరఖాస్తుకు కాదు. ఆ రెండింటినీ కలపకుండా ఉంటే చాలు.

సెలవు. ఖుదా హాఫిజ్.