తల ఊపితే అర్థమైనట్టేనా?

 

చరిత్ర పాఠం చెప్పే ఉపాధ్యాయులం మేము. పాఠం మధ్యలో "అర్థమైందా?" అని అడిగితే తరగతి అంతా ఒక్క గొంతుతో "అర్థమైంది సార్" అంటుంది. అందులో నిజంగా ఎవరికి అర్థమైందో మాకు తెలియదు. "మన్యం పోరాటం ఎప్పుడు?" అంటే "1922 నుంచి 1924" అని టక్కున చెబుతారు. "ఎందుకు తిరగబడ్డారు?" అంటే మాత్రం మౌనం. పోడు మీద ఆంక్షలు, రోడ్డు పనుల్లో వెట్టి అని చెప్పగలిగితేనే పాఠం అందినట్టు.

ఇది మార్కుల సంగతి ఒక్కటే కాదు. నేరస్థ తెగల చట్టం చూడండి. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చింది. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. మన గోదావరి జిల్లాలు అప్పుడు అందులోనివే. ఎరుకలవారిని ఆ జాబితాలో చేర్చారు. గాడిదల మీద ఉప్పు, ధాన్యం ఊరూరా చేరవేసి బతికిన జనం వాళ్లు. రైళ్లు వచ్చి, ఉప్పు మీద సర్కారు పెత్తనం పెరిగి ఆ వ్యాపారం దెబ్బతింది. ఆ తరవాత వేలిముద్రలు, పోలీసు హాజరు, సెటిల్‌మెంట్లు. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం అలా వెలిసిందే.

ఈ పాఠం విన్న పిల్లలు "మనవాళ్లు నేరస్థులన్నమాట" అనుకుని ఇంటికి వెళ్లే ప్రమాదం ఉంది. పరీక్షలో సంవత్సరం సరిగ్గా రాస్తారు, మార్కు పడుతుంది. తప్పు అర్థం మాత్రం మనసులో ఉండిపోతుంది. రేపు ఎవరైనా వెక్కిరిస్తే తల దించుకుంటారు.

అందుకే పుస్తకం మూయించి మూడు ప్రశ్నలు అడుగుతాం. ఈ చట్టం ఎవరు చేశారు? నేరం రుజువు కాకుండా, పుట్టుకను బట్టి ముద్ర వేయడం న్యాయమా? బతుకుతెరువు పోయిందెలా? ఒక్కొక్కరూ సొంత మాటల్లో రెండు వాక్యాలు రాయాలి. మాట్లాడని పిల్లల కాగితం ముందు చూస్తాం. తప్పు రాస్తే ఎవరినీ నవ్వనివ్వం. మళ్లీ ఎక్కడినుంచి చెప్పాలో ఆ తప్పే చూపిస్తుంది.

ఆ చట్టం 1952 ఆగస్టు 31న రద్దయింది. ఆ ముద్ర పిల్లల మనసుల్లోనూ రద్దు కావాలి. మన ఐ.పోలవరం పేటల్లో సాయంత్రం పూట తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చదువు చెప్పే యువత ఈ పని చేయగలరు. తేదీ చెప్పించి ఊరుకోకండి. "ఎందుకు?" అని అడగండి. వాళ్లు ఆలోచించుకుని చెప్పేదాకా ఓపికగా ఆగండి.

 జై ఆదివాసీ!